కరీం మాస్టారు వాయించింది జాజేనండీ

2023 మే నెలలో నన్ను ఏలూరు జిల్లా పేజీల డెస్కు నించి తప్పించి ఆదివారం పేజీకి వేశారు. హోదా పాతదే, చీఫ్ సబ్ఎడిటర్. రిటైర్మెంటుకి కొద్ది నెలలే మిగిలిన మనిషికి ఎవరైనా ఇలాంటి పనే ఇస్తారు. ఈమధ్య కాలంచేసిన వాద్యకారుల గురించి వారానికొకరి చొప్పున అర పేజీ నింపాలి. పుట్టుక, గురువు, కచేరీలు, సన్మానాలు, ఒక ఫొటో. చనిపోయి ఆరు నెలలు దాటితే ఆ పేరు తీసుకోకూడదన్నది నిబంధన. పత్రికలో చావు కూడా కూరగాయ లాంటిదే, తాజాగా ఉండాలి.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. డెస్కులో చావుకి మూడంతస్తులు. రాష్ట్రమంతా తెలిసినవాళ్లు పోతే ‘అస్తమయం’. ఊళ్లో పేరున్నవాళ్లు పోతే ‘కన్నుమూత’. మిగిలిన జనాభా అంతా పోతే ‘మృతి’. ఇది ఎక్కడా రాసిపెట్టి ఉండదు, కానీ తప్పితే మాత్రం మర్నాడు పొద్దున్నే తిట్లు పడతాయి. మొదటి రెండు వారాలూ ఒక నాదస్వర విద్వాంసుణ్ణీ ఒక మృదంగం మాస్టార్నీ కన్నుమూతలో పడుకోబెట్టేసి, పని సులువుగానే ఉందే అనుకున్నాను. మూడో వారం రహమతున్నీసా గారు ఆఫీసుకి వచ్చారు.

ఆవిడ శాక్సఫోన్ కరీం మాస్టారి భార్య. వట్లూరులో ఉంటారు. మాస్టారు జనవరిలో పోయారు. ఆయన పనిచేసిన బ్యాండు మేళం తాడేపల్లిగూడెంది. జిల్లాలు విడిపోయాక గూడెం వార్తలు భీమవరం పేజీలో పడతాయి, అది ఏలూరుకి రాదు. అక్కడి కంట్రిబ్యూటరు రెండు లైన్లు పంపితే ‘బ్యాండు కార్మికుడి మృతి’ అని అచ్చయింది. మనిషి బతికింది మా జిల్లాలో, పోయిన వార్త వచ్చింది పక్క జిల్లాలో. వాళ్ల మతాచారం ప్రకారం భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలకూడదు. దాన్ని ఇద్దత్ అంటారు. ఆవిడ బ్యాండువాళ్లు తెచ్చిచ్చిన ఆ పేపరు ముక్క దగ్గర పెట్టుకుని ఇద్దత్ అంతా ఓపిగ్గా కూర్చుని, గడువు తీరిన మర్నాడు ఇంకెక్కడికీ వెళ్లకుండా సరాసరి మా ఆఫీసుకే వచ్చారు.

“ఈపాటికి నేను మర్చిపోయి ఉంటాననుకున్నారా అండీ?” అని అడిగారు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నన్ను తిడుతున్నారని అర్థం కావడానికి కాసేపు పట్టింది.

నేను కుర్చీ చూపించి, అది మా పేజీ కాదమ్మా, భీమవరం పేజీ అన్నాను. మేం ఇరవై నాలుగ్గంటలూ చెప్పుకునే సాకే ఇది. ఆవిడ పట్టించుకోలేదు.

“కార్మికుడని రాశారు సరేనండీ, పనే కదా చేశారు. కానీ ఆయన జాజ్ వాయించేవారండీ. ఆ మాట లేకపోతే పోయింది ఎవరో ఊళ్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క మాటా వెయ్యండి. ఇంకేం అడగను.”

ఈ జిల్లాల్లో జాజ్ వాయించినవాడొకడున్నాడని అంతవరకూ నాకూ తెలియదు. కాస్త ఆరా తీసి, మాస్టారి జీవితం పోగుచేశాను. పుట్టింది ఏలూరులో. తండ్రి బ్యాండులో క్లారినెట్టు. కుర్రతనంలో బెజవాడ రైల్వేవాళ్ల క్లబ్బులో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు వాయిస్తుంటే విని, మూడు నాలుగేళ్లు ఆయన వెంట తిరిగి నేర్చుకున్నారు. జాజ్ అంటే ఏమిటని అడిగితే ఆ గార్డు చెప్పిన మాట మాస్టారు జీవితాంతం చెప్పేవారట. పాటని మొదటిసారి ఉన్నదున్నట్టు వాయించు, అందరూ గుర్తుపట్టాలి. తర్వాత తాళం వదలకుండా నీ దారిన నువ్వు పో. బుద్ధి పుట్టినప్పుడు తిరిగి రా. విశాఖపట్నంలో ఒక హోటల్లో వాయిస్తూ కొన్నేళ్లు అలా పోయారు, వచ్చారు. హోటలువాళ్లు వాద్యాలు తీసేసి స్పీకర్లు పెట్టాక ఇంటికి వచ్చి, పెళ్లి చేసుకుని, గూడెం బ్యాండులో చేరారు.

తిరిగి రావడం దగ్గరే వచ్చింది చిక్కంతా. గూడెం బ్యాండుకి ఒక కట్టుబాటుంది. సెంటర్లో ఆగి పాట ఎత్తుకుంటే, అది ముగిశాక పెద్ద డ్రమ్ము మీద ముగింపు దెబ్బ పడాలి. ఆ దెబ్బ పడేదాకా ఊరేగింపు కదలకూడదు. కరీం మాస్టారు ఒకసారి తన దారిన పోయారంటే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. వెనక కారులో పెళ్లికొడుకు బాసికం కట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి. చివరికి బ్యాండు యజమాని సూరిబాబు ఒక రూలు పెట్టాల్సి వచ్చింది. ముహూర్తానికి ముందు ఆఖరి సెంటర్లో కరీంకి వంతు ఇవ్వకూడదని.

ఇదంతా రాసుకుని మా ఎడిషన్ ఇన్‌ఛార్జి రవికిరణ్ గారి దగ్గరికి వెళ్లాను. వయసులో నాకంటే చిన్న, హోదాలో పెద్ద. మంచివాడే, కానీ అంతకుముందు వేరే పేజీలో ఎవర్నో ‘అంతర్జాతీయ కళాకారుడు’ అని రాసి నవ్వులపాలయ్యాం. ఆ దెబ్బకి ఆయన విశేషణాలంటేనే హడలిపోతున్నాడు. పైగా ఆయన కారులో జాజ్ పెట్టుకుని తిరిగే మనిషి. బ్యాండు కళాకారుడని రాస్తే అభ్యంతరం లేదన్నాడు. జాజ్ అని రాయాలంటే తనకి వినిపించాలన్నాడు. చనిపోయినాయన వాయించింది ఎలా వినిపిస్తానండీ అంటే, పెళ్లిళ్లలో వాయించాడు కదా, వీడియోలు ఉండవా అన్నాడు.

నిజమే! ఎంత తేలికో అనుకున్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ అంటున్నా వినకుండా, సూరిబాబుని వెంటబెట్టుకుని ఎండలో బయల్దేరాను.

ముందుగా గుండుగొలనులో ఒక రైతు ఇంటికి వెళ్లాం. మీ పెళ్లి వీడియో చూపించండి అంటే కాదనే ఇల్లు మన జిల్లాల్లో లేదు. కాస్త ముందుకి జరపండి అని అడిగే దమ్ము మాత్రం ఎవరికీ ఉండదు. ఎందుకంటే జరిపే ప్రతి ముక్కలోనూ ఎవరో ఒకరు ఇప్పుడు లేని మేనత్త ఉంటుంది. పెళ్లికూతుర్ని చేయడం, మంగళస్నానాలు, విడిదింట్లో టిఫిన్లు అన్నీ చూశాం. పూతరేకులు తిన్నాం, మళ్లీ తిన్నాం. చివరికి ఊరేగింపు వచ్చింది. తెల్ల డ్రెస్సు, ఎర్ర టోపీ, బుగ్గలు పూరీల్లా పొంగించి కరీం మాస్టారు తెర మీదికొచ్చారు. వేళ్లు మీటల మీద పరుగులు పెడుతున్నాయి. సూరిబాబు నా మోచెయ్యి పట్టుకుని, “ఇక్కడ చంపేశాడండీ మావాడు!” అన్నాడు.

ఆ శాక్సఫోన్లోంచి ఒక ఆడమనిషి గొంతుతో సినిమా పాట వచ్చింది.

పెళ్లి వీడియోలు తీసేవాళ్ల పద్ధతి నాకప్పటిదాకా తెలియదు. దాన్ని మిక్సింగ్ అంటారు. ఊరేగింపులో అసలు చప్పుడు పూర్తిగా తీసేసి, దాని మీద అప్పటి హిట్టు పాట పరుస్తారు. అలా చెయ్యకపోతే పని రానివాడంటారు. మేం భీమడోలులో చూశాం, కైకరంలో చూశాం, ఏలూరులోనే రెండిళ్లలో చూశాం. ప్రతి ఇంట్లోనూ మాస్టారు చెమటలు కారేలా వాయిస్తున్నారు, ప్రతి ఇంట్లోనూ ఇంకెవరో పాడుతున్నారు. ఒకచోటైతే ఆయన వాద్యంలోంచి వయొలిన్లు వచ్చాయి. నలభై ఏళ్లు ఇన్ని వందల పెళ్లిళ్లలో వాయించిన మనిషి గొంతు ఒక్క ఇంట్లో లేదు. నాకు మొదట నవ్వొచ్చింది. రెండో వారానికి ఒళ్లు మండింది.

ఈలోగా ఆరు నెలల గడువు దగ్గరికొస్తోంది. రహమతున్నీసా గారు రోజు విడిచి రోజు ఫోను చేసేవారు. “దొరికారా అండీ?” అని అడిగేవారు. వీడియో దొరికిందా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు.

సూరిబాబుకి ఉన్నట్టుండి పెదపాడు మండలంలో ఒక పెళ్లి గుర్తొచ్చింది. చేపల చెరువుల సత్యనారాయణ గారి అమ్మాయి పెళ్లి, ఆఖరి సెంటర్ రూలు పెట్టకముందుది. వీడియో తీసినవాడు మిక్సింగ్ మొదలెట్టకముందే కువైట్ వీసా వచ్చి, తీసింది తీసినట్టే డీవీడీల్లోకి ఎక్కించి ఇచ్చేసి విమానమెక్కేశాడు. అంటే అందులో అసలు చప్పుడు ఉంటుంది.

సత్యనారాయణ గారు మజ్జిగ ఇచ్చి, మా ఇంట్లో అలాంటిదేం లేదండీ అన్నారు. లోపలినించి ఆయన భార్య, “బీరువాలో ఉంది కదండీ, మీరే కదా తాళం వేశారు!” అన్నారు. ఆయన మొహం చూసి నాకే జాలేసింది. కాసేపటికి మమ్మల్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లి సంగతి చెప్పుకున్నారు. ఆ పెళ్లిలో మగపెళ్లివారి ఊరేగింపు వీళ్ల వీధి మొదట్లో ఆగిపోయి ఎంతకీ కదల్లేదట. ముహూర్తం ముంచుకొస్తోంది. వియ్యంకుడు భాస్కర్రావు గారు బెట్టు చేస్తున్నాడనుకుని, ఈయన కోపంలో నాలుగు మాటలన్నారు. అవి వీడియోలో పడ్డాయి.

“ఎవరూ వినలేదనుకున్నానండీ. తీరా చూస్తే నా పక్కనే కెమెరా వాడున్నాడు. ఇప్పుడు మేం పాలూ నీళ్లలా ఉన్నాం. అది బయటికొస్తే నా బతుకు బస్టాండే.”

నేను ఎన్నో చెప్పిచూశాను. ఆయన లొంగలేదు. చివరికి రహమతున్నీసా గారి సంగతి, ఆవిడ ఇద్దత్ తీరిన మర్నాడే రావడం చెప్పాక, ఆయన తల గోక్కుని కొన్ని షరతులు పెట్టారు. డీవీడీ ఇల్లు దాటకూడదు. సెల్లులో ఎక్కించుకోకూడదు. వినేవాళ్లు తన ఇంటికే రావాలి. ఆ నాలుగు మాటలూ పేపర్లో రాకూడదు. వియ్యంకుడికి ఈ సంగతి చస్తే తెలియకూడదు.

అలా ఒక గురువారం పొద్దున్న రవికిరణ్ గారు, నేను, సూరిబాబు, రహమతున్నీసా గారు పెదపాడు వెళ్లాం. సత్యనారాయణ గారు తలుపులు మూసి, టీవీ ముందు రిమోట్ పట్టుకుని, బాంబు పేల్చబోయేవాడిలా కూర్చున్నారు. ఆ రోజు ఆయన చెరువు పడుతున్నారు, అంటే వలలేసి చేపలు తీసే రోజు. అలాంటి రోజున దగ్గరి చుట్టాలకి మంచి చేపలు పంపడం మర్యాద. ఆ మర్యాద కోసం ఎదురుచూడ్డం ఎందుకని వియ్యంకుడే స్వయంగా వచ్చేశాడు. మేం డీవీడీ పెట్టిన రెండో నిమిషంలో తలుపు తోసుకుని భాస్కర్రావు గారు లోపలికొచ్చి, “ఏంటండీ బావగారూ, మన పెళ్లే! నాకు చెప్పకుండా చూస్తున్నారే!” అని సోఫాలో కూలబడ్డారు.

పెళ్లి వీడియో ఆపేయడానికి ఏ కారణం చెబుతారు? సత్యనారాయణ గారు రిమోట్ మీద వేలు పెట్టారు గానీ నొక్కలేదు.

కరీం మాస్టారు తెర మీదికొచ్చారు. పెళ్లిళ్లలో అందరూ వాయించే ఒక పాత పాట ఎత్తుకుని ఉన్నదున్నట్టు వాయించారు. ఆ తర్వాత వెళ్లిపోయారు. ఎలా చెప్పను? పాట కింద అరుగు మీద కూర్చుని ఉంది, ఆయన మేడ మీదా డాబా మీదా తిరుగుతున్నారు. ఒక్కోచోట గబగబా మెట్లు దిగి పాటని పలకరించి, ఇంకా టైముంది లెమ్మని మళ్లీ పైకి వెళ్లిపోతున్నారు. డ్రమ్ములవాళ్లకి చెమటలు. సూరిబాబు గొంతు వినపడింది, “కరీం, ముగించు! ముహూర్తం!” ఆయన కళ్లు తెరవలేదు. అప్పుడు కెమెరా పక్కనించి సత్యనారాయణ గారి గొంతు, ఇప్పటికంటే పదేళ్లు కుర్రది, ఖంగుమని వచ్చింది.

“ఆ భాస్కర్రావుకి బుద్ధి లేదు సరే, గడియారం కూడా లేదా? మగపెళ్లివారమని బెట్టు! ఇలాంటి దున్నపోతు ఇంటికా నా పిల్లని పంపేది!”

రవికిరణ్ గారు పైకప్పు చూస్తున్నారు. నేను నా చెప్పులు చూసుకుంటున్నాను. సత్యనారాయణ గారు ఎటు చూస్తున్నారో చూసే ధైర్యం నాకు లేదు.

కెమెరా అప్పుడే పక్కకి తిరిగింది. మాస్టారి ఎదురుగా నడివీధిలో భాస్కర్రావు గారు నిలబడి ఉన్నారు. కండువా జారిపోయింది, దండ వంకరైంది, కళ్లు మూసుకుని తల ఊపుతున్నారు. “మాస్టారూ, ఆ దిగుడు ఉంది చూశారూ, అదొక్కటి మళ్లీ!” అంటున్నారు. బెట్టూ లేదు, గట్టూ లేదు. కొడుకు పెళ్లన్న సంగతే మర్చిపోయాడు మహానుభావుడు!

సోఫాలో ఉన్న భాస్కర్రావు గారు గొంతు సవరించుకున్నారు.

“బావగారూ, దున్నపోతు సంగతి తర్వాత తేల్చుకుందాం. కొంచెం వెనక్కి తిప్పండి. మీ అరుపుల్లో ఆ దిగుడు సరిగ్గా వినపళ్లేదు.”

వెనక్కి తిప్పారు. మళ్లీ విన్నాం. తర్వాత రవికిరణ్ గారు ఇంకోసారి అన్నారు. మొత్తం మూడుసార్లు విన్నాం, అంటే సత్యనారాయణ గారు వియ్యంకుణ్ణి ఆయన ఎదుటే మూడుసార్లు తిట్టారు. మూడోసారి ఆ మాట రాకముందే భాస్కర్రావు గారే అందించేశారు. సత్యనారాయణ గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు గానీ, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

అంతసేపూ రహమతున్నీసా గారు తలుపు పక్కన కుర్చీలోనే కూర్చున్నారు. మూడోసారి అయ్యాక, “ఇంత గట్టిగా వాయించేవారా అండీ?” అని మెల్లగా అడిగారు.

మాకు అర్థం కాలేదు. మాస్టారు రోజూ ఇంట్లో సాధన చేసేవారట. పక్కింటివాళ్లకి ఇబ్బంది అని, వాద్యం మూతి నిండా తువ్వాలు కుక్కి వాయించేవారట. ఆవిడ పెళ్లిళ్ల ఊరేగింపులకి ఎప్పుడూ వెళ్లలేదు. ఇన్నేళ్లూ ఆవిడ విన్నది బుసబుసమనే గాలి మాత్రమే.

రవికిరణ్ గారు ఉండబట్టలేక, “మరి జాజ్ అని మీకెలా తెలుసమ్మా?” అని అడిగారు.

“ఆయన చెప్పారు కదండీ,” అన్నారావిడ. “నలభై ఏళ్లు కాపురం చేశాం. వంట బాగా లేకపోతే బాగా లేదనే చెప్పేవారు. ఈ ఒక్కదానికి అబద్ధం ఎందుకాడతారు?”

దాచుకోవలసిన పనేం లేదు, కళ్లు తుడుచుకున్నాను. సూరిబాబు అయితే వెక్కి వెక్కి ఏడ్చాడు. నలభై ఏళ్లూ ఆయన వెనకపడి ముగించు, ముగించు అని అరిచినవాడు వాడే మరి.

రవికిరణ్ గారు లేచి నిలబడ్డారు. ఆయనకి ఎవరు మాట్లాడుతున్నా కారులో విన్న జాజ్ విద్వాంసుల పేర్లు చెప్పే అలవాటుంది. ఆ రోజు ఒక్క పేరూ చెప్పలేదు. “జాజేనమ్మా. వేసేస్తాం,” అన్నారు.

ఆదివారం అర పేజీ వచ్చింది, ఈసారి రెండు జిల్లాల్లోనూ. పెద్దక్షరాల్లో జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడని వేశాం. నేను మామూలుగా రాసే కళామతల్లి, తీరని లోటు వగైరాలేవీ వెయ్యలేదు. వీధి మొదట్లో ఆయన పాట ఎత్తుకోవడం నించి ముగింపు దెబ్బ పడేదాకా డీవీడీలో ఉన్నది ఉన్న వరసలో రాశాను. మాటిచ్చాం కాబట్టి దున్నపోతు తీసేసి ‘పెళ్లివారి తొందర’ అన్నాను. భాస్కర్రావు గారు ఫోను చేసి, అదొక్కటి ఎందుకు తీసేశారండీ, కళే పోయింది అని దెబ్బలాడారు. సత్యనారాయణ గారు ఆ మధ్యాహ్నమే డీవీడీకి నకలు తీయించి వట్లూరు పంపారు. ఇక దాచడానికేం మిగల్లేదు కదా.

రెండ్రోజులాగి రహమతున్నీసా గారు ఫోను చేశారు. పేపరు చదివించుకున్నారట, బావుందన్నారు. ఆ నకల్లో తిట్లూ అరుపులూ తీయించి శుభ్రం చేయించి ఇస్తానని సూరిబాబు అంటున్నాడమ్మా, ఇమ్మంటారా అని అడిగాను.

“వద్దండీ బాబూ! ఎవరైనా చెయ్యి పెడితే సినిమా పాట పెట్టేస్తారు. అలాగే ఉంచండి. రోజూ సాయంత్రం పక్కింటివాళ్లక్కూడా వినపడేలా పెట్టుకుంటున్నాను. ఇబ్బందిగా ఉందా అని అడిగానండీ. ఎవరమ్మా వాయించేది అని అడిగారు వాళ్లు.”

ముప్పయ్యేళ్లకు పైగా ఇతరుల రాతలు దిద్ది బతికిన నాకు ఈ వ్యవహారం నేర్పింది ఒక్కటే. పోయిన వాద్యకారుడి గురించి రాయవలసినవాడు ముందుగా ఎవరూ దిద్దని చప్పుడు ఎక్కడుందో వెతకాలి. గురువులూ సన్మానాలూ దాని తర్వాత. ఆ చప్పుడు మధ్యలో ఎవరైనా ఎవర్నైనా దున్నపోతని తిడుతుంటే, దాన్ని తీసేయకుండా వినాలి.